పెద్దల ఆకు ముందు కూర్చున్న మనిషి

రంగూన్‌లోని తామ్వే పేటలో మేము అద్దెకుండే మేడ మెట్ల కింద ఎవరో కొబ్బరితాళ్ళ చుట్టలు తెచ్చి పడేశారు. రాత్రి జల్లుకి అవి తడిశాయి. పొద్దున్న తలుపు తీసేసరికి ఆ వాసన మెట్లెక్కి మా గది దాకా వచ్చింది. తడిసిన పీచు, తారు, కొంచెం ఎలుకల కంపు. పక్కింటి అమ్మాయి ముక్కు మూసుకుని, "తీయించెయ్యమని చెప్పనా అమ్మమ్మా?" అని అడిగింది. వద్దన్నాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది.

మాది రేవు వెనక వీధిలో టేకు దూలాల రెండంతస్తుల ఇల్లు. ముందు వైపు బండి నిలిచే అరుగు, వెనక పెరడు, పెరటి అవతల కూలీల లైను, లైను చివర తాళ్ళ కొట్టు. తాతయ్య రేవు మేస్త్రీ. ఓడ వస్తే దాని కడుపులోంచి సరుకు దించేదీ, తిరిగి బియ్యం బస్తాలు నింపేదీ ఆయన మనుషులే. వాళ్ళంతా సముద్రానికి అవతల మా ఊరి చుట్టుపక్కల వాళ్ళు, ఆయన వెళ్ళి తెచ్చినవాళ్ళు. ఆయన వీధిలో నడుస్తుంటే దుకాణాల వాళ్ళు లేచి నిలబడేవారు. ఆ ఇంటికి మిగిలిన ఒక్క పిల్లని నేను. అమ్మా నాన్నా నాకు జ్ఞాపకం లేనంత ముందే జ్వరాలతో పోయారు.

ఇప్పుడా ఇల్లు లేదు. పడిపోయిన ఇంటి మనిషినని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. జాలి మాత్రం ఎవరి దగ్గరా పుచ్చుకోను.

ఆ ఇంట్లో పొద్దు వాసనలతో తెలిసేది. తెల్లవారుతూనే మిల్లుల వైపు నుంచి ఊక కాలిన పొగ. తరవాత నాయనమ్మ చుట్ట. ఆవిడ మా వైపు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, అలాగే బియ్యం చెరిగేది, అలాగే తిట్టేది. ఎండ ఎక్కాక లైనులో ఎండునెత్తళ్ళు వేపిన వాసన. ఆ తరవాత వీధి చివర బర్మావాళ్ళ ఇళ్ళలోంచి నప్పి వాసన. పులిసిన రొయ్యల ముద్ద అది, కూరల్లో వేసుకుంటారు. ఆ గాలి వస్తే నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. నోట్లో నిప్పు పెట్టుకోగలిగిన మనిషికి ఆ వాసన గిట్టేది కాదు.

నాకు గిట్టేది. పెరటి గుమ్మం దగ్గరికి కావడి మీద మోహింగా అమ్మే బర్మా ఆవిడ వచ్చేది. చేపలూ అరటిబోదె వేసి కాచిన పులుసు, అందులో సన్నటి బియ్యపు సేమ్యా. పెద్ద ఆడవాళ్ళని అక్కడ 'డో' అనాలి కాబట్టి ఆవిణ్ణి డో అనే పిలిచేదాన్ని. నాయనమ్మ పూజలో ఉన్నప్పుడు గుమ్మం చాటున ఒక గిన్నెడు తాగి, వాసన తెలియకుండా తమలపాకు నమిలేదాన్ని. చిన్నపిల్ల తమలపాకు నమిలితే ఎవరికైనా అనుమానం రావాలి. నాయనమ్మకి వచ్చే ఉంటుంది. ఎప్పుడూ అనలేదు.

ఒక ఏడు వానలు ముదిరాక డో రావడం మానేసింది. ఒకసారి వీధి మలుపులో కనిపిస్తే ఎందుకు రావడం లేదని బర్మాలో అడిగాను. అటూ ఇటూ చూసింది.

"మీ వీధిలోకి పోవద్దని మా మగవాళ్ళు చెప్పారు పాపా."

"ఎందుకు?"

ఆవిడ కావడి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "నువ్వు కూడా బయట తిరగకు," అని వెళ్ళిపోయింది.

మా లైనుకి మునుపు నిశ్శబ్దమంటే తెలియదు. పని నుంచి వచ్చాక పాటలూ తగాదాలూ, ఒకరి ఊరిని ఒకరు వెక్కిరించుకోవడాలూ. ఆ వానల్లో అవన్నీ ఆగిపోయాయి. బస్తాలు లాగే ఇనప కొక్కేల్ని పని కాగానే కొట్టు గోడ మేకులకి తగిలించడం రివాజు. ఆ రోజుల్లో మేకులు ఖాళీగా ఉండేవి. కొక్కేలు తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నారని పనిమనిషి నాయనమ్మతో చెబుతుంటే విన్నాను.

లైనులో అందరికంటే పెద్దవాణ్ణి నేను చిన్నతాత అనేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. తాతయ్యతో పాటు ఒకే పడవలో, ఒకే వయసులో రంగూన్‌లో దిగినవాడు. తాతయ్య మేస్త్రీ అయ్యాడు, అతను బస్తాల దగ్గరే ఉండిపోయాడు. పని పాటకి పిలుపు ఇచ్చేది అతనే. అతను ఒక ముక్క పాడితే జట్టంతా అందుకుని బరువు ఎత్తేది. నాకు రకరకాల తాడు ముళ్ళు వెయ్యడం నేర్పింది కూడా అతనే.

ఒక సాయంత్రం అరుగు మీద వాళ్ళిద్దరి మాటా విన్నాను.

"ఇంక సాలు, మనూరు ఎలిపోదాం," అన్నాడు చిన్నతాత. "బర్మావోల్లు పని కోసరం రేవు గేటుకాడ కూకుంటన్నారు. పొద్దోయి ఇల్లకెల్లి పిల్లలకేటి సెప్తారు? మన కడుపు ఆల్ల కడుపు మీద కూకున్నాది. ఎన్నాల్లు ఊరుకుంటారు?"

"పిరికిమాటలు నా గుమ్మంలో ఆడకు."

"గుమ్మం ఉన్నన్నాల్లే కదేటి గుమ్మం."

తాతయ్య లేచి లోపలికి వచ్చేశాడు.

తరవాత కొద్ది రోజులకి చిన్నతాత లైనులో కుర్రవాళ్ళని కూడగట్టుకుని, తాతయ్యతో చెప్పకుండా, మా దేశం వెళ్ళే స్టీమరు ఎక్కడానికి జట్టీకి వెళ్ళాడు. తాతయ్య మనుషుల్ని పంపి వెనక్కి తెప్పించాడు. కొట్టలేదు, తిట్టలేదు. చిన్నతాతని తాళ్ళ కొట్టులో పెట్టి తాళం వేశాడు. అతను లేనిదే కుర్రవాళ్ళు కదలరని ఆయనకి తెలుసు. పెద్దల అమావాస్య నాటి పోటుకి ఇంకో స్టీమరు వెళ్ళాల్సి ఉంది. అది వెళ్ళిపోయాక తీస్తానన్నాడు. ఆ పైన సముద్రం బాగుండదు కాబట్టి చాలా రోజులు మరో స్టీమరు లేదు.

పొద్దుటా సాయంత్రం కొట్టుకి అన్నం పంపేవాళ్ళం. గిన్నె ముట్టకుండా తిరిగి వచ్చేది. ఒట్టి మంచినీళ్ళు తాగేవాడు. నేను బడి నుంచి వచ్చాక గోడ పలకల సందులోంచి ఒక తాడు ముక్క లోపలికి దూర్చేదాన్ని. అతను ముడి వేసి బయటికి తోసేవాడు. నేను విప్పి మళ్ళీ దూర్చేదాన్ని. అది మా ఆట. ఒక సాయంత్రం తాడు ముడి లేకుండానే తిరిగి వచ్చింది. తరవాత లోపలి నుంచి పాట మొదలైంది. పని పాట. పిలుపు ముక్క పాడి ఆగేవాడు. లైనులో అందరూ వింటూ ఉండేవారు, ఎవరూ అందుకునేవారు కాదు. కాస్త ఆగి మళ్ళీ అదే ముక్క పాడేవాడు.

అలా ఉండగా పెద్దల అమావాస్య వచ్చింది.

ఆ రోజు పొద్దున్న పంతులు వచ్చి తర్పణాలు చేయించి వెళ్ళాడు. తాతయ్య తన తండ్రి పేరూ, తాత పేరూ, ముత్తాత పేరూ గొంతెత్తి పలికి నీళ్ళు వదిలాడు. ఆ పేర్లు నాకు మాటలు వచ్చిన నాటి నుంచీ నేర్పారు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చివరికి ఆయన తడి ఉత్తరీయం కొస పిండి ఆ నీళ్ళు నేల మీద వదిలాడు. అవి పేర్లు తెలియని చచ్చిపోయిన వాళ్ళకి, నీళ్ళు వదిలే దిక్కు లేని వాళ్ళకి.

మధ్యాహ్నం పెద్దల ఆకు. పోయిన వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, మండువాలో ఒక అరటాకు వేసి వడ్డిస్తారు. గుమ్మడికాయ పులుసు, గారెలు, బెల్లం పరమాన్నం, మా ముత్తాతకి ఇష్టమని ఎండుచేపల పులుసు. ఇంటివాడు కాని మనిషి ఒకడు ఆ ఆకు ముందు కూర్చుని తినాలి. అతను తింటే పెద్దలు తిన్నట్టు. తిన్నాక ఇంటి యజమాని చేతులు జోడించి "తృప్తేనా?" అని అడగాలి, అతను "తృప్తి" అనాలి. ఆ మాట వినేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. ఆ మాట రాకపోతే పెద్దలు ఆకలితో గుమ్మం దిగి పోయినట్టే. ఇంక ఆ ఇంటిని కాచేవాళ్ళు ఉండరు. నాకు తెలిసినప్పటి నుంచీ ఆ ఆకు ముందు కూర్చున్నది చిన్నతాత.

"ఈ పూటకి ఆడ్ని తీసుకురా," అంది నాయనమ్మ.

"స్టీమరు ఎల్లాక తీస్తాను."

"మరి ఆకుకాడ ఎవుడు కూకుంటాడు? లైన్లో ఎవుడ్ని అడిగినా మాకు కడుపు బాగోనేదంటన్నారు. ఊరందరికీ ఒకేసారి కడుపు బాగోకపోద్దేటి?"

"ఎవుడో ఒకడు ఒస్తాడు. నువ్వు ఆకు ఎయ్యి," అని తాతయ్య ముందు గదిలోకి పోయాడు.

నాయనమ్మ ఆకు వేసి, వడ్డించి, చుట్ట వెలిగించి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. ఉపవాసంలో చుట్ట ఆవిడకి లెక్క కాదు. వాన కురుస్తూనే ఉంది. పరమాన్నం మీద మీగడ కట్టింది. ఏటి వైపు నుంచి స్టీమరు మొదటి కూత వినపడింది. అది మా దేశం వెళ్ళే స్టీమరేనని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు పెరటి తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. బాగా పొడుగు, మంచి నలుపు. చొక్కా వానకి ఒంటికి అతుక్కుపోయింది. కింది పెదవి చిట్లి ఉంది. మోచేతుల దాకా కాలిన మచ్చలు.

"ఎంతసేపురా నాయినా, ఆకు ఎండిపోతన్నాది," అంది నాయనమ్మ. "కొత్తగా ఒచ్చినావేటి? మీదే ఊరు? ముందు కాల్లు కడుక్కో." చెంబు ముందుకు తోసింది.

అతను చెంబు చూశాడు, బురద కాళ్ళు చూసుకున్నాడు, కడుక్కున్నాడు. ఆవిడ పీట చూపించింది. కూర్చున్నాడు.

"మాటాడవేటి? మూగోడివా?"

అతను నోరు తెరిచాడు. ఇంగ్లీషు. నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఏటంటన్నాడే గుంటా?"

మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మిషను బడిలో చదివేదాన్ని. మాకు పాఠాలు చెప్పే దొరసాని అమెరికా నుంచి వచ్చింది. అయినా అమెరికాలో ఇలాంటి మనుషులు ఉంటారని ఎప్పుడూ చెప్పలేదు. అతని మాట ఆవిడ మాటలా లేదు, మెల్లగా, సాగదీసినట్టు ఉంది. రెండోసారి చెబితే గానీ అర్థం కాలేదు.

"నీళ్ళు ఇవ్వగలరా అని అడుగుతున్నాడు. ఓడలో బొగ్గు వేసే మనిషట. అమెరికావాడు."

"అమెరికాయేటి? మన మొకమే. మన పక్క పొడుగోల్లు నేరేటి?"

"కాదు నాయనమ్మా."

ఆవిడ కాసేపు అతన్ని చూసింది. "కాకపోతే మాత్రం ఏటయ్యింది. ఆకు ముందు కూకున్నోడ్ని లేపకూడదు. తినమను."

అతను వెంటనే తినలేదు. కళ్ళు మూసుకుని మెల్లగా ఏదో అన్నాడు. చివర ఒక ఆడమనిషి పేరు వినపడింది. అది దేవుడికి చెప్పుకున్న మాటనీ, ఆ పేరు తన నాయనమ్మదనీ చెప్పాడు. నాయనమ్మకి అది నచ్చింది. చేత్తో ఎలా కలుపుకోవాలో నేను చూపించాను. ఎండుచేపల పులుసు కలుపుకుని మొదటి ముద్ద తిన్నాక అతను కాసేపు కదల్లేదు. చాలా ఆకలిగా ఉన్నవాడు అలా తింటాడని నేను అనుకోలేదు, ఒక్కొక్క ముద్దా ఆగి ఆగి.

ఎందుకు దిగిపోయావని అడిగాను. కొలిమి దగ్గర తనతో పనిచేసేవాడు వేడికి పడిపోయి చచ్చిపోయాడట. ఒక్క మాటైనా అనకుండా సముద్రంలోకి తోసేశారట. అతను పార వదిలేసి, తోసిన చోట నిలబడి ప్రార్థన చేశాడు. పని ఆపినందుకు పెదవి మీద ఇనపకడ్డీ దెబ్బ. ఓడ రంగూన్ చేరగానే నడిచి వచ్చేశాడు.

పెద్దల ఆకు ముందు మాటలు కూడదని మా ఇంటి నియమం. ఆ రోజు నాయనమ్మే దాన్ని మీరింది. "ఈడి పెద్దోల్లెవులో అడుగు," అంది.

అతను చెప్పాడు. అతని నాయనమ్మ ఒక తెల్లవాడి పత్తి చేలల్లో పుట్టింది. ఆ చేలు ఆ తెల్లవాడివి ఎలాగో ఆవిడా వాడి సొత్తే. ఆవిడ చిన్నప్పుడే ఆవిడ తల్లిని వేరే చోటికి అమ్మేశారు. ఆ తల్లి పేరు వరకు ఇంట్లో చెప్పుకుంటారు. ఆ పైన ఎవరి పేరూ లేదు. పశువుల్లా లెక్కపెట్టారు గానీ పేర్లు ఎవరూ దాచలేదు.

నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ చుట్ట నేలకి రాసి ఆర్పింది. పెద్దల పేర్లు వరసగా వల్లించే ఇంట్లో అది తేలిగ్గా అర్థమయ్యే మాట కాదు.

"పొద్దున్న మీ తాత ఉత్తరీయం పిండినాడు కదా," అంది చివరికి. "ఆ నీల్లు పేరు తెలీనోల్లవి. ఈల్లోల్లకీ ముట్టినాయని సెప్పు."

నాకు వచ్చినంతలో చెప్పాను. "ఎప్పుడు?" అన్నాడతను. ఈ ఉదయమేనన్నాను. అతను ఎడమచేతి మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళు ఏ దేవుడికి మొక్కుతారని నాయనమ్మ అడగమంది. మీ బడిలో చెప్పే దేవుడికే, అన్నాడు. కానీ తన నాయనమ్మ కాలంలో బానిసలు ఒకచోట చేరడానికి వీల్లేదట. పొదల మధ్య గుడిసెలో చేరి, గుమ్మం దగ్గర ఒక పెద్ద ఇనప కుండ బోర్లించేవారట. పాట ఆ కుండలోకి పోతుందనీ, యజమాని చెవిన పడదనీ.

నాయనమ్మ మూలనున్న ఇత్తడి గంగాళం వంక చూసింది. "మరి దేవుడికి ఇనపడీదా?"

"వినపడింది కాబట్టే నేను ఉన్నాను," అన్నాడు.

అప్పుడు తాతయ్య లోపలికి వచ్చాడు. తలపాగా చుట్టుకుని, పట్టు ఉత్తరీయం వేసుకుని ఉన్నాడు. ఆకు ముందు ఎవరున్నారో చూశాడు. నాయనమ్మ రెండు మాటల్లో చెప్పింది. ఆయన మొహం మారలేదు. దారిన వచ్చిన మనిషి కదా అని మర్యాద తగ్గించలేదు. మా ఊరి పెద్దకి నిలబడినట్టే నిలబడి, చేతులు జోడించి అడిగాడు.

"తృప్తేనా?"

ఆ మాట ఏమిటో, దానికి ఏమనాలో అతనికి చెప్పాను. నువ్వు తృప్తి అంటే మా పెద్దలు సంతోషంగా వెళ్తారన్నాను. అతను ఆకులో చెయ్యి అలాగే ఉంచి పెరటి వైపు తల తిప్పాడు. వానలోంచి చిన్నతాత పాట సన్నగా వస్తోంది.

"అక్కడ పాడుతున్నది ఎవరు?"

చెప్పాను.

"ప్రతి ఏడూ ఇక్కడ కూర్చునేది ఎవరు?"

"అతనే."

అతను నాతోనే, కానీ తాతయ్యని చూస్తూ మాట్లాడాడు. "నేను వీధిలోంచి వెళ్ళిపోతున్నవాణ్ణి. ఆ పాట విని ఆగాను. మాటలు తెలియవు, పాట తెలుసు. ఒకడు పిలవాలి, పదిమంది అందుకోవాలి. ఇక్కడ పిలుపు ఉంది, అందుకునేవాళ్ళు లేరు. అంటే తాళం వెనక ఉన్నాడన్నమాట. నా కడుపు నిండింది. మీరడిగిన మాట మాత్రం నేను అనలేను."

"ఏటే?" అన్నాడు తాతయ్య.

"కాదంటున్నాడు తాతయ్యా. కొట్టులో ఉన్నాయన తినలేదు కాబట్టి అననంటున్నాడు."

అదే సమయానికి వీధి వైపు ఎవరో పిలిచారు. తాతయ్య వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. ఓడ వ్యవహారాలు చూసే కంపెనీ గుమాస్తా, గొడుగు కింద. పక్కన ఒక బంట్రోతు.

"మేస్త్రీ గారూ, ఓడలోంచి ఒక నల్లవాడు దిగిపోయాడండి. మీ పెరటి వీధిలోకి వచ్చాడని చెప్పారు. ఉంటే ఇప్పించెయ్యండి. దొర మండిపడుతున్నాడు."

"మా ఇంట్లో పెద్దోల్లు బోజనానికి కూకున్నారు."

"అది కాదండి. ఆ మనిషి ఉన్నాడా లేడా?"

"పెద్దోల్లు కూకున్నారని సెప్పినాను. ఆల్లు లెగిసీదాకా ఈ గుమ్మం ఎవుడూ దాటడు."

గుమాస్తా గొడుగు కొంచెం వెనక్కి వాల్చి ఆయన మొహం చూశాడు. "వచ్చే ఓడల పని మీకే ఇమ్మని దొరతో చెప్పినవాణ్ణి నేనండి. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పమంటారు?"

"ఇన్నదే సెప్పు."

"మేస్త్రీలు చాలామంది ఉన్నారండి ఈ ఊళ్ళో," అని గుమాస్తా బంట్రోతుని ఎదుటి చూరు కింద నిలబెట్టి వెళ్ళిపోయాడు.

తాతయ్య తిరిగి మండువాలోకి వచ్చాడు. "ఆడితో సెప్పు," అన్నాడు నాతో. "ఆడ్ని ఒప్పగించీసుంటే నా పని నాకుండును. ఒప్పగించనేదు. ఇంక ఆ మాట అనమను."

చెప్పాను. అతను తల వంచి విన్నాడు. "ఆయన దయ. కావాలంటే నేనే లేచి ముందు గుమ్మంలోంచి వెళ్తాను, పట్టుకుపొమ్మను. చచ్చిపోయిన వాళ్ళకి మాత్రం అబద్ధం చెప్పను." కొట్టు వైపు చూశాడు. "మా నాయనమ్మ ఒకసారి పారిపోయింది. కుక్కలతో వెతికి తెచ్చి కొట్టంలో పెట్టి తాళం వేశారు. తాళం వేసినవాడు ఆదివారం భక్తిగా ప్రార్థన చేసేవాడు. ఆ ప్రార్థన గోడ అవతల నుంచి ఆవిడకి వినపడేది. అది ఎక్కడికి పోతుందో తనకి తెలిసేది కాదని చెప్పేది."

ఆ మాటలు తెలుగులోకి తేవడానికి నాకు కొంత సేపు పట్టింది. ఒక్కటీ మెత్తన చెయ్యలేదు. నన్ను అలా పెంచలేదు.

తాతయ్య చెయ్యి మొలతాడు మీదికి పోయింది. స్టీమరు రెండో కూత వేసింది. మూడోదానికి తాళ్ళు విప్పుతారు.

"తాలంసెవి నాకియ్యి," అంది నాయనమ్మ.

"ఇయ్యను."

"మరి మీ అయ్య ఆకలితో పోతాడా?"

ఆయన మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. ఆవిడ చెయ్యి చాపినా ఇవ్వలేదు. వంగి, ఆకు పక్కన నేల మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన వంగడం నేను అంతకు ముందు చూడలేదు, దేవుడి గదిలో తప్ప.

ఓడ మనిషి ఎడమచేత్తో తాళంచెవి తీసుకుని వానలోకి వెళ్ళాడు. పాట మధ్యలో ఆగింది. కాసేపటికి చిన్నతాతని రెక్క పట్టుకుని తీసుకువచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నాయనమ్మ ఇంకో ఆకు వేసింది. చిన్నతాత కాళ్ళు కడుక్కుని కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా తిన్నాడు. అన్నీ తిన్నాడు. పులుసు మళ్ళీ వేయించుకున్నాడు.

"ఉప్పు తగ్గినాది," అన్నాడు.

"సెయ్యి ఒనికితే తగ్గదేటి," అంది నాయనమ్మ.

తాతయ్య గోడ వైపు నుంచి తిరిగాడు. చేతులు జోడించాడు. ఒకే పడవలో వచ్చిన ఇద్దరిలో ఒకడు నిలబడి ఉన్నాడు, ఒకడు కూర్చుని ఉన్నాడు.

"తృప్తేనా?"

చిన్నతాత చెయ్యి ఆకులో ఉంచి ఆయన్ని చూశాడు. "పెద్దోల్లకి తృప్తే," అన్నాడు. "ఆల్లు సుకంగా ఎల్లొచ్చు. నాకు కాదు."

చెయ్యి కడుక్కుని లేచాడు. లైను వైపు వెళ్ళి ఒక్క కేక వేశాడు. తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. కుర్రవాళ్ళు మూటలు కట్టుకునే ఉన్నారు. పోతూ పోతూ కొక్కేలు తెచ్చి గోడ మేకులకి తగిలించారు. చిన్నతాత ఓడ మనిషిని చూపించి, "ఈడు నాతో ఒస్తాడు, నా మూట మోస్తాడు," అని తన తువ్వాలు అతని తలకి చుట్టాడు. మూట నెత్తిన పెట్టుకుని, పొడుగు తెలియకుండా కొంచెం వంగి, అతను వాళ్ళ మధ్యలో కలిసిపోయాడు. నా వైపు చూసి తల ఆడించాడు. బంట్రోతు ముందునుంచే అందరూ జట్టీకి వెళ్ళారు. నాయనమ్మే పోల్చుకోలేకపోయింది, ఆ బంట్రోతు ఎలా పోల్చుకుంటాడు?

మూడో కూత విన్నాక మేము అన్నాలు తిన్నాం. చల్లారిపోయాయి.

ఆ ఓడ మనిషి మా దేశం రేవులో దిగాడని మాత్రం ఎవరి ద్వారానో తెలిసింది. ఆ పైన తెలియదు. ఓడల పని ఇంకో మేస్త్రీకి పోయింది. కొత్తగా మనుషుల్ని తేవడానికి తాతయ్య మా ఊరు వెళ్తే ఎవరూ రాలేదు. ముందు బండి పోయింది, తరవాత మేడ పైభాగం అద్దెకి పోయింది. ఆ తరవాత కొంతకాలానికి రేవు పని కోసం బర్మావాళ్ళు మావాళ్ళ మీద పడ్డారు. రేవులో, మా వీధుల్లో ఏం జరిగిందో ఈ ఊరివాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. వీధి వీధంతా కూలీల లైన్లు తలుపులు విరిగి ఉన్నాయి. మాది కూడా విరగ్గొట్టారు. లోపల ఎవరూ లేరు. చిన్నతాత మాట నిజమైందని నాయనమ్మ ఒకసారి అంది. తాతయ్య విన్నట్టు లేదు.

ఆయన తప్పు చేశాడని నాతో చాలామంది అన్నారు. కొట్టుకి తాళం వేసింది ఆయనే. గుమాస్తాని గుమ్మం దాటనివ్వనిదీ ఆయనే. ఆ రెండూ ఒకే మనిషి చేసినవని నాకు తెలుసు, అందులో ఒకదాన్ని వదిలేసి రెండోది చెప్పమంటే నేను చెప్పను.

మరుసటి ఏడు పెద్దల అమావాస్యకి లైను ఖాళీ. మా ఊరి మనిషన్నవాడు మా గడప చుట్టూ ఒక్కడూ లేడు. ఆకు వెయ్యొద్దన్నాడు తాతయ్య. నాయనమ్మ వేసింది. మధ్యాహ్నం దాటింది, పెరటి తలుపు తియ్యలేదెవరూ. ఆయన తలపాగా తీసి పక్కన పెట్టి, వెళ్ళి తనే ఆ ఆకు ముందు కూర్చున్నాడు. బతికున్న ఇంటివాడు అక్కడ కూర్చోకూడదు. నాయనమ్మ గరిటె తీసుకుంది. వడ్డించింది. ఆయన తిన్నాడు.

అడగవలసిన యజమాని ఆకు ముందే ఉన్నాడు. ఇంక ఆ ఇంట్లో మిగిలింది నేను. నాయనమ్మ నన్ను ముందుకు నెట్టింది. చేతులు జోడించి నిలబడ్డాను.

"తృప్తేనా తాతయ్యా?"

ఆయన నన్ను చూశాడు. చెయ్యి కడుక్కున్నాడు. తలపాగా చుట్టుకుని, నిటారుగా నడిచి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

నేను మళ్ళీ అడగలేదు. ఒకే మాట రెండుసార్లు అడగడం మా ఇంట్లో లేదు.